నాలుగో మెట్టు దగ్గర ఆగిన షాట్

పుంగనూరులో తలుపులు, కిటికీలు చేసే గురుమూర్తికి సినిమా పని అదే మొదటిసారి. ఒక పాత నవలను సినిమాగా తీస్తూ, ఊరి బయట జమీందారు మేడ సెట్టు వేస్తున్నారు. కుప్పం నుంచి వచ్చిన కళాదర్శకుడు భానుప్రకాశ్ అతనికి మెట్లూ, పై వసారా అప్పగించాడు. సరుగుడు కట్టెలు, ప్లైవుడ్డు, పైన టేకు రంగు. దూరం నుంచి చూస్తే వందేళ్ల మేడే.

వసారాను మోసే దూలంలో, కొమ్మ మొలిచిన చోట పెద్ద ముడి ఉందని, బరువు పడితే అక్కడే పగలొచ్చని గురుమూర్తి ముందే చూశాడు. మార్చాలంటే ఒక రోజు పని ఆగుతుంది. రంగు పూసి ఊరుకున్నాడు.

షూటింగు రోజు పొద్దున్నే కెమెరా పట్టాల మీద కదిలింది. పెద్దకోడలి వేషం వేసిన నటి మెట్లెక్కి వసారాలో నిలబడాలి. మెట్లు కదలకుండా కింద పట్టుకుని కూర్చున్న గురుమూర్తి నెత్తిన సన్నగా చెక్క పొట్టు రాలింది. తలెత్తి చూస్తే దూలం ముడి దగ్గర నోరు తెరిచి ఉంది. అరిస్తే తన తప్పు బయటపడుతుంది. ఆమె రెండో మెట్టు ఎక్కింది. మూడోది ఎక్కింది.

"పైకి పోవద్దమ్మా! దూలం పగిలిండాది!"

అంతా ఆగిపోయింది. భానుప్రకాశ్ పరిగెత్తుకొచ్చాడు. "యాల అరిస్తివప్పా? షాట్ పాడైపాయ గదా!"

"ముడి ఉండాదని తెలిసీ రంగు పూసేస్తి సార్. తప్పు నాదే." గురుమూర్తి పగులును వేలితో చూపించాడు.

కెమెరా పని చూసే చంద్రిక నటిని కిందికి దించి, వసారా మీదికి రెండు ఇసుక మూటలు తాడుతో లాగించింది. రెండోది పడగానే వసారా పెళ్లున విరిగి నేలకూలింది.

మెట్లకు విడిగా నిలువు కట్టెలున్నాయి కాబట్టి అవి నిలిచాయి. వాటిని ఒక్కొక్కటే తట్టి చూశాక చంద్రిక అంది: "ఆమె నాలుగో మెట్టు మీదనే నిలబడి పైకి చూస్తే చాలు. పైన ఏముందో చూపించను."

సినిమా మదనపల్లెలో ఆడినప్పుడు గురుమూర్తి భార్య వాణితో వెళ్లాడు.

"ఆ మెట్లు మనం చేసినవేనా?" అని ఆమె సంబరంగా అడిగింది.

తెర మీద నటి మొదటి మెట్టుపై కాలు పెట్టగానే అతను కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి అలాగే అడిగాడు.

"అయిపాయనా?"

"ఆమె దిగి లోపలికి పొయ్యింది. కండ్లు తెరువు," అని వాణి అతని చెయ్యి పట్టుకుంది.