సుభాని చెప్పిన స్పీడు

బందరులో రేవు వైపు వెళ్ళే దారిలో, పోస్టాఫీసుని ఆనుకుని ఒక చిన్న టెలిగ్రాం ఆఫీసు ఉండేది. అందులో మిషను ముందు కూర్చునే మనిషి సుభాని. మంచివాడు. ఎవరింటికి చావు కబురొచ్చినా తనే స్వయంగా వెళ్ళి, ముందు మంచినీళ్ళు తాగించి, ఆ తర్వాతే చదివి వినిపించేవాడు. ఒక్కటే జబ్బు ఆయనకి. ‘నావల్ల కాదు’ అనే మాట చస్తే నోట్లోంచి రాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. గుడివాడ ఆఫీసులో కాంతారావని ఇంకో ఆపరేటరు. పొద్దున్నే మీట నొక్కి అతను అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: ఈవేళ ఎంత స్పీడులో అందుకోగలవు? అక్కడున్నవాడికి ఇక్కడి సంగతి కనపడదు కదా! లైను తడిసిందో, మిషను మొరాయిస్తోందో, కూర్చున్నవాడికి ఒళ్ళు బాగాలేదో అతనికేం తెలుస్తుంది? ఇవతలివాడు చెప్పిందే వేదం. ‘ఫుల్’ అంటే బందరు టెలిగ్రాములన్నీ తీగ మీదే వస్తాయి. ‘సగం’ అంటే సగమే తీగ మీద పంపి, మిగతావి కాగితాల మీద రాసి, సంచిలో పెట్టి, పామర్రు మీదుగా వచ్చే బస్సుకిస్తారు. ఆ బస్సు ఎంత ఈడ్చుకుంటూ వచ్చినా మధ్యాహ్నానికి బందరు చేరుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేముందండీ? అయినా ఆపరేటర్లకి అదొక నామోషీ. సగం అన్నవాణ్ణి ముసలెద్దువైపోయావురా అని మీట మీదే ఏడిపించేవారు. సుభాని ఏనాడూ ఆ మాట అన్న పాపాన పోలేదు.

అలాంటివాడికి ఆ ఏడు రంజాను వెళ్ళాక చెవులు మొద్దుబారడం మొదలైంది. కుడిచెవి దాదాపు పోయింది, ఎడమది దాని వెనకే బయల్దేరింది. మిషను చేసే టకటకలు విని అక్షరాలు రాసుకునే ఉద్యోగం, చెవులే లేకపోతే ఇంకేముంది? “డాక్టరుకి చూపించుకోరాదూ?” అని భార్య నూర్ బీ పోరేది. “నీ సణుగుడు వినపడట్లేదు, అదీ ఒకందుకు మంచిదే” అని నవ్వేసేవాడు. లోపల మాత్రం దడే. తెలిస్తే మిషను దగ్గర్నుంచి లేపి స్టాంపులమ్మే కిటికీ దగ్గర కూర్చోబెడతారు. అంతకంటే పోవడం నయమనుకునేవాడు, పిచ్చి మనిషి.

ఆ నవంబరులోనే ఉప్పెన వచ్చింది. డెబ్బై ఏడు నాటి సంగతి, దివిసీమ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. చెప్పాలన్నా నాకు నోరు రాదు.

నాంచారమ్మది ఆ సీమలో సముద్రం ఒడ్డు పల్లె. ఎండుచేపలు బుట్టకెత్తుకుని బందరు వచ్చి అమ్ముకునేది. మొదటి బేరం ఎప్పుడూ నూర్ బీతోనే. గాలి మొదలైన రోజు కూడా అలాగే వచ్చింది, బస్సులు ఆగిపోయేసరికి సుభాని ఇంట్లోనే చిక్కుబడిపోయింది. అందుకే బతికింది. మొగుడు పున్నారావు పడవని గట్టిగా కట్టుకోవాలని ఇంటిపట్టునే ఆగిపోయాడు. తర్వాత ఆ పల్లె ఉన్నచోట ఇసుక తప్ప ఏమీ మిగల్లేదని చూసొచ్చినవాళ్ళు చెప్పారు. వెతుక్కుంటానని ఆమె బయల్దేరితే పులిగడ్డ దగ్గర పోలీసులు ఏరు దాటనివ్వలేదు. వెనక్కొచ్చి, పగలంతా టెలిగ్రాం ఆఫీసు మెట్ల మీద కూర్చునేది, చీకటి పడితే సుభాని ఇంటి అరుగు మీద పడుకునేది.

“కబురేమన్నా తగిలిందా సాయిబు గారూ?”

“వస్తుందమ్మా. రాకేం చేస్తుంది!”

రోడ్డు మీద పడ్డ చెట్లు నరికారు. బస్సులు కదిలాయి. తీగ కూడా మళ్ళీ పలికింది. కాంతారావు పలకరింపులన్నీ పక్కనబెట్టి ముందు స్పీడు అడిగాడు. సుభాని ఫుల్ అన్నాడు.

ఇంక చూడండి, వరద! బతికామని కొందరు, బతికారా అని కొందరు. ఉయ్యూరు నుంచి, బెజవాడ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కబుర్లన్నీ గుడివాడలో పోగుపడి ఈ ఒక్క తీగ మీదికి వస్తున్నాయి. టకటకలు ఒకదాని మీద ఒకటి పడి సుభానికి గోలగా వినపడుతున్నాయి. ఒక్కో టెలిగ్రాము మళ్ళీ పంపమంటాడు, ఇంకోసారి పంపమంటాడు. తప్పంతా తడిసిన లైను మీదికి తోసేస్తాడు. తప్పు రాసేవాడు మాత్రం కాదు, పూర్తిగా వచ్చేదాకా వదిలేవాడు కాదు. దాంతో ఒకటి దిగేలోపు అక్కడ నాలుగు చేరేవి.

మర్నాడు పొద్దున్నే కాంతారావే ఉండబట్టలేక అడిగాడు. “భాయ్, ఇక్కడ కుప్ప పెరిగిపోతోంది. నీ లైనుకి బలం చాలకపోతే చెప్పు, తప్పేముంది? సగం తీసి బస్సు సంచిలో వేయించేస్తాను.”

సుభాని చెయ్యి మీట మీద ఆగింది. సగం అందామనే అనుకున్నాడు, నిజంగా. సరిగ్గా అప్పుడే పోస్టుమాస్టరు దేవదానం గారు వెనకాల నిలబడి గట్టిగా అడిగారు. “ఏమంటున్నాడయ్యా గుడివాడ?”

“స్పీడు అడుగుతున్నాడండీ.”

“మన సుభాని ఉండగా స్పీడుకి లోటేంటి? చెప్పవయ్యా!” అని ఆయన భుజం తట్టారు.

ఫుల్ అని కొట్టాడు సుభాని. కాంతారావు నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు!

ఆ పై రోజు పొద్దెక్కాక ఆ కబురు దిగింది. ‘సుభాని, టెలిగ్రాం ఆఫీసు, బందరు. పున్నారావు గుడివాడ ఆసుపత్రిలో ఉన్నాడు. నాంచారమ్మను వెంటనే పంపండి.’ పాపం, ఊరూ వాడా కొట్టుకుపోయినవాడికి ఈ భూమ్మీద గుర్తున్న చిరునామా అదొక్కటే.

సుభాని కుర్చీ తన్నేసి మెట్ల మీదికి పరిగెత్తాడు. “నాంచారమ్మా! ఉన్నాడే! మీ ఆయనున్నాడే!” అని అరిచాడు. ఆమె ఏడుస్తూ ఆయన కాళ్ళ మీద పడబోయింది. చేతిలో చార్జీలు పెట్టి, తనే దగ్గరుండి గుడివాడ బస్సెక్కించాడు. తిరిగొచ్చి, సంతోషం పట్టలేక కాంతారావుకి షుక్రియా చెప్పాడు.

అటునుంచి జవాబు వచ్చింది. “అది మొన్ననే ఇచ్చారు భాయ్. సంచిలో వేద్దామనే పక్కన పెట్టాను. నువ్వు ఫుల్ అన్నావని తీసి నీ కుప్పలో కలిపేశాను. ఆలస్యమేమీ కాలేదు కదా?”

సుభాని ఆ పూట అన్నం ముట్టలేదు. రాత్రంతా అల్లాని ఒక్కటే కోరుకున్నాడు. నాంచారమ్మ చేరేసరికి ఆ మనిషి కళ్ళు తెరిచి ఉండాలి.

నాంచారమ్మ మర్నాటి సాయంత్రం వచ్చింది. చేతులకి గాజులు లేవు. అరుగు మీద కూర్చుని, ముందు నూర్ బీ ఇచ్చిన నీళ్ళు తాగింది.

“నేను దిగేసరికి ప్రాణం పోయింది బీబమ్మా. ఇంకా ఒళ్ళు చల్లబడలేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చినవాణ్ణి ఎవరో లారీలో అక్కడికి చేర్చారంట. ముందు రోజు సాయంత్రం దాకా బాగానే మాట్లాడాడంట. అక్కడ మార్తమ్మని నర్సమ్మ ఉంది, ఆవిడ చెప్పింది. బస్సు హారన్ వినపడినప్పుడల్లా మా ఆడది వచ్చింది చూడమనేవాడంట.” కొంగుతో మొహం తుడుచుకుని, సుభాని వైపు తిరిగి దండం పెట్టింది. “మీ చలవ వల్ల మట్టి చేసుకున్నాను సాయిబు గారూ. మావాళ్ళలో ఆ మాత్రం నోచుకున్నదెవరు?”

ఆ దండం తీసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలియదు. సుభాని ఊరుకోలేకపోయాడు. మెట్టు దిగి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పేశాడు. సగం అని ఉంటే కబురు మొన్నటి బస్సుకే వచ్చేదని, తను ఫుల్ అన్నాడని, చెవుల సంగతి బయటపడుతుందని భయపడ్డాడని.

నాంచారమ్మ ఆయన మొహంలోకి చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“మీకు వినపడదన్న సంగతి ఎవరికి తెలీదు సాయిబు గారూ? ఆ మెట్ల మీద నేను మూడుసార్లు పిలిస్తేగాని మీరు పలికేవారు కాదు. వచ్చేపోయేవాళ్ళందరూ గట్టిగానే మాట్లాడేవారు. అది దాచడానికా నా మొగుణ్ణి అలా ఎదురుచూపించారు?”

బుట్ట అందుకుని లేచింది. అన్నం తిని వెళ్ళమని నూర్ బీ చెయ్యి పట్టుకుంది. మెల్లగా విడిపించుకుని, నిరాశ్రయుల్ని ఉంచిన బడి వైపు నడిచింది. వీధి మొగలో ఆగి, వెనక్కి తిరిగి ఏదో అంది.

“ఏమంది?” అని సుభాని భార్యని అడిగాడు.

నూర్ బీ చెప్పలేదు.