కరెంటు సారు ఎలక్ట్రీషియన్ కాదు

మా సారును ఎలక్ట్రీషియన్ అని రాశారు. ఎల్బీనగర్‌లో మా ఆసుపత్రి కొత్తగా కట్టుకున్న భవనంలో, లిఫ్టు పక్కన, తొలినాటి సిబ్బంది ఫొటోలు పెట్టిన గోడ మీద, ఆయన ముఖం కింద, ఇత్తడి అక్షరాలతో. మోకాళ్లు చూపించుకుందామని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి వెళ్లిన నేను నొప్పి సంగతే మరిచి అక్కడ నిలబడిపోయాను.

ఆ తప్పు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. క్యాన్సర్‌కు రేడియేషన్ ఇప్పించడాన్ని మనవాళ్లు కరెంటు పెట్టించడం అంటారు కదా. ఆ కరెంటు ఎంత పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో లెక్కకట్టే భౌతికశాస్త్రవేత్త మా సారు. మా ఆసుపత్రిలో ఆ పనికి ఆయనే మొదటివాడు. “కరెంటు సారూ, షాక్ కొడ్తదా?” అని నల్లగొండ పెద్దమ్మ ఒకామె అడిగితే, “కొట్టదమ్మా, కనపడని ఎండ అనుకో,” అన్నారు తన కోస్తా మాటలో. “ముందే చెప్తే గొడుగు తెచ్చుకుందును గద సారూ!” అందామె.

పదో తరగతి తప్పి, వడ్రంగం చేస్తూ, కరెంటు తగలకూడని చోట అడ్డంపెట్టే సీసం దిమ్మెలకు అచ్చులు చెక్కడానికి చేరినవాణ్ని నేను. నాకొచ్చిన కాస్త ఫిజిక్సూ ఆయన పారేసిన గ్రాఫు కాగితాలు ఏరుకుని నేర్చుకున్నదే. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో రోగి ఒంటి చుట్టూ సీసపు తీగ వంచి, ఆ ఆకారాన్ని కాగితం మీద గీసి, పెన్సిలు అరిగేదాకా లెక్కలు వేసేవారు. ఒక ఉదయం యంత్రం ఇచ్చే కరెంటును నీళ్లతొట్టెలో కొలిచి చూస్తే లెక్కకు తేడా వచ్చింది. గదికి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నారు. రోగులు కూర్చున్నారని పెద్ద డాక్టరు వరండా దద్దరిల్లేలా అరిస్తే, “మందు ఎంతో తెలీకుండా సీసా ఎత్తి గొంతులో పోయమంటారా?” అన్నారు. తప్పు దొరికేదాకా తాళం తీయలేదు. ఆ డాక్టరు ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు అదే గోడ మీద, పైవరుసలో, మార్గదర్శకుడట!

ప్రచార విభాగం ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్లాను.

“అంకుల్, అందరు కరెంటు సార్ అనే చెప్పిండ్రు. కరెంటు పనంటే ఎలక్ట్రీషియనే గదా, ఏం ఫరక్ పడ్తది?”

“బల్బు మాడితే బల్బు మారుస్తరు బిడ్డా, మనిషి మాడితే ఏం మారుస్తరు?”

రాసిమ్మంది. రాశాను, మూడుసార్లు, రిజిస్టరు పోస్టులో. సారు పోయారు, ఆ ఫొటో ఇచ్చింది ఆయన భార్య. గోడ ఎప్పుడు చూపిస్తావయ్యా అని ఆమె ఫోన్ చేసినప్పుడల్లా మోకాళ్ల మీద నెట్టి తప్పించుకుంటున్నాను.

ఆ రోజుల్లో ఆయన ఉద్యోగం పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు గానీ, ఆయన వస్తుంటే బెంచీల మీద రోగులు లేచి నిలబడేవారు. ఇప్పుడు గోడ నిండా పేర్లే, ఎవరేం చేశారని అడిగితే చెప్పేవాడు లేడు. నిన్న జవాబు వచ్చింది.

“గౌరవనీయులైన పెద్దలకు, మీ అభ్యంతరాన్ని కమిటీ సానుభూతితో పరిశీలించింది. వారి సుదీర్ఘ సేవను గుర్తిస్తూ, బోర్డుపై హోదాను ‘సీనియర్ ఎలక్ట్రీషియన్’గా సవరించాం.”