పోయొస్త

మెదక్ బస్టాండు నుంచి చేగుంటకు ఆటో నడిపే గాలయ్య పొద్దున్నే మాటాపలుకూ లేకుండా గడప దాటుతాడు. "పోయొస్త అంటే నోరు నొస్తదా?" అని భార్య యాదలక్ష్మి రోజూ సణుగుతుంది. ఆమె సణుగుతున్నంతసేపూ, మరక లేకపోయినా అతను తువ్వాలతో ఆటో అద్దం తుడుస్తూనే ఉంటాడు. సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు, అప్పట్లో ఖార్టూమ్‌లో డ్రైవరుగా ఉన్న అతన్ని మనవాళ్లను తరలించే బస్సు ఎక్కించారు. ఎక్కేముందు, గది కిరాయికిచ్చిన ముసలామె హలీమాకు అలవాటుకొద్దీ 'పోయొస్త' అనే మాటే అరబ్బీలో చెప్పాడు. నిజంగానే తిరిగొస్తాడని ఆమె నమ్మింది. వీధి వీధంతా ఊరు విడిచినా కదల్లేదు. "నీ గది ఊడ్చి పెట్టాను, ఎప్పుడొస్తావు బిడ్డా?" అని ఫోన్లో అడిగింది. రానని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఆ తర్వాత ఆ ఫోన్ మళ్లీ కలవలేదు.

ఇవాళ ఆ మాట అంటేనే జరుగుతానని యాదలక్ష్మి గడపకు అడ్డంగా నిలబడింది. గాలయ్య తల వంచుకున్నాడు. "సూడాన్‌ల ముసలామెకు ఒకపారి గా మాట అన్ననే. గామె నా కోసం గేటుకాడ్నే కూసున్నదో, ఏమైందో."