చిన్నవ్వ తడిమిన చెక్క

నేను చేసే పనికి మా ఇంట్లో ఇప్పటికీ ఒక పేరు కుదరలేదు. హైదరాబాదులో చదివినన్నాళ్ళూ దాన్ని ప్రింట్‌మేకింగ్ అన్నారు. నారాయణపేటకు తిరిగొచ్చి బడిలో డ్రాయింగు టీచరుగా చేరాక మా వీధికి నేను అచ్చులేసే పిల్లనైపోయాను. ఒకాయన తన కొడుకు పెళ్ళికార్డులు కొట్టిపెట్టమని ఏకంగా ఇంటికే వచ్చాడు. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అది నా పని కాదని ముఖం మీదే చెప్పేశాను. ఆయన గడప దాటాడో లేదో అవ్వ అందుకుంది.

"పెండ్లి పని మీద వచ్చినోన్ని గట్ల తరుముతరా? చాయ తాగి పొమ్మని గూడ అనకపోతివి. ఎంత సదివితే ఏం లాభం."

అవ్వ అంటే మా నాయినకు తల్లి. నాయిన గుంత మగ్గంలో కాళ్ళు దించుకుని చీర నేస్తుంటే పక్కన రాట్నం తిప్పుతూ కండెలు చుట్టివ్వడం ఆమె పని. డెబ్బయి దాటి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు. చేతులు కాస్త నెమ్మదించాయి గానీ నోరు మాత్రం అలాగే ఉంది. నన్ను రోజుకు ఒకసారైనా తిట్టకపోతే ఆమెకు అన్నం సహించదు, తిట్టించుకోకపోతే నాకూ ఏదో వెలితిగా ఉంటుంది.

మా ఊళ్ళో మగ్గానికి ఎనిమిది చీరలకు సరిపడా పడుగు, అంటే నిలువు పోగులు, ఒకేసారి ఎక్కిస్తారు. వరసగా నేసుకుంటూ పోయి ఆఖరున కోసి విడదీస్తారు. నేను అచ్చు పనిలోకి రావడానికి కారణం ఆ పడుగే. కాలేజీలో కళాచరిత్ర చెప్పే సారు ఒకరోజు, అచ్చు బొమ్మలను కళాపండితులు చాలాకాలం చిన్నచూపు చూశారని చెప్పాడు. ఒకే బొమ్మ పది కాగితాల మీదకు వస్తే అందులో అసలుది ఏది అని అడిగేవారట. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, "మా నాయిన ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు నేస్తడు సార్, అండ్ల అసలు చీర ఏది?" అని అడిగాను. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, నువ్వు పెయింటింగులో ఏం చేస్తున్నావు, కింద ప్రెస్సు గదిలోకి పో అన్నాడు. పోయాను, మళ్ళీ పైకి రాలేదు.

ఆ గదిలో మూడు రకాల పనులు నేర్చుకున్నాను. రాతి మీద జిడ్డు సుద్దతో గీసి, నీళ్ళకూ నూనెకూ పడదన్న ఒక్క సంగతి మీద అచ్చు తీయడం ఒకటి. రాగి రేకు మీద గీసిన గీతలను యాసిడ్‌తో తినిపించి, ఆ గుంటల్లో ఇంకు నింపి ఒత్తడం ఇంకొకటి. అన్నిటికన్నా పాతది, నాకు ప్రాణమైనది చెక్క పని. వద్దనుకున్నదంతా ఉలితో తీసేస్తే మిగిలిన భాగమే ఇంకు పట్టి కాగితం మీదకు వస్తుంది. కాగితం కంటే ముందు గుడ్డ మీదే ఇలా అచ్చులు వేశారని చదివినప్పుడు నాకు ఛాతీ ఉబ్బింది. మేం నేసేవాళ్ళమే తప్ప అద్దేవాళ్ళం కాము, అయినా గుడ్డ గుడ్డే కదా. చిత్రకారుడు వేసిన పటం రాజుగారి గోడెక్కి కూర్చుంటే, చెక్క అచ్చు తీర్థాలకు పోయే బీదవాడి మూటలో దేవుడి బొమ్మై ఇల్లు చేరింది. రాతి అచ్చు వచ్చాక లక్ష్మీదేవి రంగురంగుల చీర కట్టుకుని మా మగ్గం ఎదుటి గోడ మీదకు కూడా వచ్చింది. అవ్వ పొద్దున్నే ఆ పటానికి బొట్టు పెడుతుంది. అది ఎన్నో కాపీ అని ఏనాడూ అడగలేదు.

హైదరాబాదులో ఒక ప్రదర్శనకు బొమ్మలు పంపమన్నప్పుడు నేను అవ్వనే చెక్కాలనుకున్నాను. అడిగితే రాట్నం ఆపి నా వైపు చూసింది.

"బతికుండంగనే నన్ను గోడకెక్కిస్తవా?"

మా వైపు మనిషి ఫోటోకు అద్దం కట్టించి గోడకు తగిలించేది పోయాకే. ఇది అలాంటిది కాదని, తగిలించేది కూడా మన గోడకు కాదని సాయంత్రం దాకా బతిమాలితే ఒప్పుకుంది. వడ్రంగం చేసే వడ్లాయన దగ్గర టేకు పలక తెచ్చి రందాతో చదును చేయించాను. అచ్చులో ఎడమ కుడి తారుమారవుతాయి కాబట్టి అవ్వ ముక్కుపుల్లను చెక్క మీద రెండో వైపు పెట్టాను. ముఖాన్ని నల్లగా వదిలేసి ముడతలను మాత్రం గాడులుగా తవ్వాను. నుదుటి మీది అడ్డగీతలు, కంటి కొసల చీలికలు, నోటికి రెండు పక్కలా దిగిన లోతైన గీతలు, దేన్నీ వదల్లేదు. చాలా రోజులు పట్టింది. ఒక్కొక్క గీతా చెక్కుతుంటే ఆమె మీద ఇష్టం పెరిగిపోయిందే తప్ప, ఇది ముసలితనమని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఎనిమిది అచ్చులు తీశాను, ఒక పడుగు లెక్కన. ఇంట్లో ప్రెస్సు లేదు కాబట్టి కాగితం వెనక గంటెతో రుద్ది తీశాను. నాయిన ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, "అన్నీ అమ్మనే" అన్నాడు. ఇలా తీశాక మళ్ళీ అచ్చు వేయకుండా చెక్కను అడ్డంగా గీతలు కొట్టి పాడుచేయడం మా పనిలో ఆనవాయితీ. ఆ మాట వినగానే అవ్వ కొంగు దోపింది.

"నా మొఖం మీద ఇంకా గీతలు గొడ్తవా? ఉన్నయి సాలవా?"

అలా ఆ చెక్క బతికిపోయింది.

బొమ్మలు పంపే ముందు అవ్వ ఒక అచ్చు పక్కన పెట్టమంది. "చెల్లెకు పంపాలె."

ఆ చెల్లెలు, నాకు చిన్నవ్వ, ఆత్మకూర్లో ఉంటుంది. నా చిన్నప్పుడే చక్కెర బీమారితో ఆమె చూపు మసకబారడం మొదలైంది. తెలంగాణ వచ్చిన కొత్తలో పూర్తిగా పోయింది. అప్పుడు అవ్వ ఒకసారి చూడబోయి, చెల్లెలు గోడ వైపు తిరిగి తనతో మాట్లాడుతుంటే తట్టుకోలేక తిరిగొచ్చేసింది. ఆ తరువాత మళ్ళీ పోలేదు. రోజూ ఫోనులో గంటసేపు మాట్లాడుకుంటారు, వంకాయ కూర దగ్గర్నుంచి కోడళ్ళ దాకా. రమ్మని చిన్నవ్వ అడిగినప్పుడల్లా అవ్వకు మోకాళ్ళు గుర్తుకొస్తాయి. కారు మాట్లాడతానంటే నడుము గుర్తుకొస్తుంది. ఇద్దరిలో ఎవరు ముందు పోయినా రెండోవాళ్ళు ఏమైపోతారోనని నాయినా నేనూ లోపల్లోపల భయపడేవాళ్ళం.

"కండ్లు లేనామెకు బొమ్మ ఎందుకమ్మా?" అన్నాడు నాయిన. అవ్వ తల దించుకుంది. ఆ తల దించుకోవడం చూడలేక, "కాగితం గాదు, చెక్క తీస్కపోత. చేతుల్తోని చూస్తది" అన్నాను. ఆ క్షణంలో నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఇంకు పోయేలా కిరోసిన్‌తో చెక్కను శుభ్రంగా తుడిచి, పాత చీరలో చుట్టుకుని, మక్తల్ మీదుగా బస్సులో ఆత్మకూరు పోయాను. చిన్నవ్వ మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చెక్కను ఒళ్ళో పెట్టి, ఇది మా అవ్వ ముఖం, నేనే చెక్కాను అని చెప్పాను. చీర కొంగుకు చేతులు తుడుచుకుని తడమడం మొదలుపెట్టింది.

"గాసునూనె వాసనొస్తాంది. మా అక్క తాన గీ వాసన రాదు."

తుడిచింది దాంతోనే అన్నాను. తరువాత ముక్కుపుల్ల దొరికింది. "ఇటుపక్కకు ఎందుకున్నది?" అంది. అచ్చులో తిరగబడుతుందని, అందుకే అలా చెక్కాలని చెప్పాను. సరేనంది. వేళ్ళు చెంప మీదకు వచ్చాయి. అక్కడ ఆగాయి. మళ్ళీ నుదుటి మీదకు పోయి, మళ్ళీ చెంప మీదకు దిగాయి.

"ఇవేంది బిడ్డా, గిన్ని గాడులు?"

"ముడతలు చిన్నవ్వా."

"మా అక్కకు ముడతలెక్కడివి? మా అక్క మొఖం నున్నగుంటది." చెక్కను పక్కకు జరిపేసింది. "ఇది మా అక్క గాదు. నువ్వు ఎవర్నో జూసి చెక్కినవ్."

ఆమె చివరిసారి సరిగ్గా చూసిన అక్క వయసు ఎంతో అప్పుడు గుర్తొచ్చింది. చెక్కను మళ్ళీ చీరలో చుట్టుకుని వచ్చేశాను. దారిపొడుగునా నా మీద నాకే మంట.

జరిగింది అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. విని నవ్వింది. నవ్వుతూనే, "నున్నగుంటదన్నదా?" అని ఇంకోసారి చెప్పించుకుంది. అదే అదను అనుకుని, అయితే ఒకసారి పోదాం పద, చేత్తో చూసుకుంటుంది అన్నాను. నవ్వు ఆగిపోయింది.

"నేను రాను పిల్లా. గీ లోకంల నేను ఇంకా పడుసుదాన్ని అనుకునేది అదొక్కతే ఉన్నది. నేను పోయి గది గూడ పోగొట్టుకోవాల్నా?"

ఇన్నేళ్ళూ మోకాళ్ళ వెనక, నడుము వెనక దాగింది ఇదేనేమో. ఆమెను ఇంకేమీ అడగలేదు.

కానీ చిన్నవ్వ ఊరుకోలేదు. రెండు రోజులు ఫోను చేయలేదు. మూడో రోజు ఆమె కోడలు చేసింది. అత్తమ్మ సరిగ్గా తినడం లేదని, అక్కకు ఏదో పెద్ద బీమారి వచ్చి ముఖం అలా అయిపోయిందని, అందరం కలిసి తన దగ్గర దాస్తున్నామని ఏడుస్తోందని చెప్పింది. అవ్వ ఫోను లాక్కుంది.

"ఓ చెల్లే, నాకేం గాలేదే. మంచిగున్న. ఫికర్ జేయకు."

"మంచిగుంటే వస్తుంటివి గదా" అంది చిన్నవ్వ అవతల నుంచి. "కండ్లుంటే నేనే వస్తుంటి."

అవ్వ ఫోను నా చేతిలో పెట్టేసి, సగం చుట్టిన కండెను రాట్నం మీంచి తీసి పక్కన పెట్టింది. తరువాత కారు మాట్లాడమంది.

పోయేరోజు ముఖం కడుక్కుని, పసుపు రాసుకుని, దాని మీద ఇంత కొబ్బరినూనె పట్టించింది. చెంపలను రెండు చేతులతో చెవుల వైపు లాగి అద్దంలో చూసుకుంది. నేను చూడటం గమనించి, "ఏంది చూస్తున్నవ్, పని లేదా?" అని కసురుకుంది. కారులో ఆత్మకూరు దగ్గర పడేకొద్దీ నా మోచేతిని గట్టిగా పట్టుకుంది.

చిన్నవ్వ అడుగుల చప్పుడుకే మంచం మీద జరిగి జాగా ఇచ్చింది. అవ్వ కూర్చుంది. చిన్నవ్వ చేతులు పైకి లేచి అక్క నుదుటిని అందుకున్నాయి. అక్కడి నుంచి కంటి కొసలకు, చెంపలకు, నోటి పక్కనున్న లోతైన గీతల్లోకి మెల్లగా దిగాయి. ఆ గీతల్లో ప్రతిదీ నేను చెక్కిందే. ఆ వేళ్ళకు ఏం తగులుతోందో ఆ గదిలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. గడ్డం దాకా వచ్చాక చేతులు ఆగిపోయాయి. అవ్వ కళ్ళు మూసుకుంది.

చిన్నవ్వ తల తిప్పి నేను నిలబడ్డ వైపు ముఖం పెట్టింది.

"ఓ బిడ్డా, ఇటు జూడు. నేను చెప్పలే? ఎంత నున్నగున్నదో మా అక్క మొఖం. నువ్వే తప్పు చెక్కినవ్."

అవ్వ కళ్ళ నుంచి నీళ్ళు కారి చెల్లెలి వేళ్ళ మీద పడుతున్నాయి. ఆ చేతిని మాత్రం ముఖం మీంచి తీయనివ్వలేదు. నా పనిని ఎవరైనా ఒక్క మాటంటే ఒప్పుకోని నేను, "అవును చిన్నవ్వా, తప్పు చెక్కిన" అన్నాను.