మూడు ఇన్నింగ్సుల అల్మెడా

మొన్న అల్మెడాను పాతిపెట్టి వచ్చాం. పత్రికలో ఆస్పత్రి బట్టలు ఉతికే మనిషని వేశారు. బేస్‌బాల్ ఊసే లేదు. మైదానంలో మా ఇద్దరిదీ సెకండ్ బేస్ స్థానమే, అక్కడ నాకంటే బాగా ఆడేది. ఆ మాట ఒప్పుకోడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

1954లో అలబామాలో మా నల్లవాళ్ళ లీగుకి జనం పల్చబడ్డారు. మంచి ఆటగాళ్ళను తెల్లవాళ్ళ జట్లు ఎగరేసుకుపోతున్నాయి. మగవాళ్ళ మధ్య ఆడమనిషి ఆడుతుందంటే జనం వస్తారని మా జట్టు యజమాని పెట్టస్ అల్మెడాను తెచ్చి గోడగోడకీ ఆమె బొమ్మ అంటించాడు. జనం టికెట్లు కొని కూర్చున్నాక ఇక ఆమెతో పనేముంది? తొమ్మిది ఇన్నింగ్సుల్లో మొదటి మూడు ఆమెవి, మిగతా ఆరు నావి.

వాళ్ళమ్మ జెనీవా మాంట్‌గోమరీలో దొరల ఇంట్లో వంట చేసేది. ఆదివారం దొరలు భోంచేసి, ఆమె గిన్నెలు కడిగి మైదానానికొచ్చేసరికి నాలుగో ఇన్నింగ్స్ అయ్యేది. కూతురు ఆడగా ఒక్కసారీ చూడలేదు.

ఆ ఏడాది ఆఖరి ఆట అక్కడే. బస్సులో అల్మెడా నా పక్కన కూర్చుంది.

"ఒరేయ్ రూఫస్, ఇవాళ మార్చుకుందాం. మొదటి మూడూ నువ్వాడు. నువ్వు సరేనంటే పెట్టస్‌కి అభ్యంతరం లేదట."

"ఇవాళ కుదరదే. చికాగో జట్టు నుంచి నన్ను చూడ్డానికి మనిషొస్తున్నాడు. మూడే చూసి ఎవడు తీసుకుంటాడు?"

"నన్ను అందరూ మూడే చూశారుగా. అమ్మకి చూపు తగ్గిపోతోందిరా" అంది.

"వచ్చే ఏడు చూస్తుందిలే" అన్నాను. అంత కఠినంగా ఎలా అన్నానో.

చికాగో మనిషి రానేలేదు. ఏడో ఇన్నింగ్సులో నేను ఎగిరి ఒక బంతి పట్టాను. చివరి వరుసలో ఒక ముసలామె లేచి చప్పట్లు కొడుతూనే ఉంది. మైదానం పక్కన బల్ల మీద కూర్చున్న అల్మెడా టోపీ ముఖం మీదికి లాక్కుంది.

ఆట అయ్యాక జెనీవమ్మ పీచ్ పండ్లు పెట్టి కాల్చిన 'పై' అనే తీపి రొట్టె డబ్బాతో వచ్చింది.

"ఎంత ఎత్తు ఎగిరావే తల్లీ. ఆ సెకండ్ బేస్‌లో ఉన్నది మా అమ్మాయేనని వరుసంతా చెప్పాను."

నేను నోరు తెరిచేలోగా అల్మెడా నా కాలు తొక్కింది.

"కాళ్ళింకా నొప్పిగానే ఉన్నాయమ్మా" అంది.

"నువ్వు ఆడలేదా బాబూ?" అని ఆమె నావైపు తిరిగింది.

"నాకు మొదటి మూడు ఇన్నింగ్సులేనమ్మా."

"మూడేనా? పాపం." అందరికంటే పెద్ద ముక్క నాకే పెట్టింది. సిగ్గులేకుండా తిన్నాను.

క్రిస్మస్‌కల్లా ఆమె చూపు పూర్తిగా పోయింది. కూతురి ఆట అనుకుని ఆమె చూసింది నన్నే.