మూతకు అటూ ఇటూ కమాన్లు

చందూలాల్ డీజిల్ ట్యాంకర్ల వెల్డర్. ఖమ్మం బైపాస్ పక్కన మా షెడ్డులో ఇరవై ఏళ్లు పనిచేశాడు. అతను వేసిన అతుకు ఒక్కటీ కారలేదు. అలాంటివాణ్ని మా ఓనరు వెళ్లగొట్టాడు. ఎందుకో చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఏన్కూరు దగ్గర వాళ్ల తండా. నిరుడు ఎండాకాలం తండా మలుపులో ఒక ట్యాంకర్ బోల్తా పడింది. ట్యాంకు పగల్లేదు. పైనున్న మూత రోడ్డుకు కొట్టుకుని విరిగింది, అంతే, డీజిలంతా వాగులోకి పోయింది. ఆ వాగు ఇసుకలో తోడుకున్న చెలిమల నీళ్లే తండా తాగేది. చందూలాల్ భార్య హేమ్లి రెండు నెలలు మైలు దూరం నుంచి బిందెలు మోసింది. ఆఫీసర్లు వచ్చి ఫొటోలు తీసుకుని పోయారు. ఆ ఫొటోలు ఎవరి దాహం తీర్చాయో వాళ్లే చెప్పాలి.

చందూలాల్ ఊరుకోలేదు. షెడ్డులో మిగిలిపోయిన లావు పైపు ముక్కలు వంచి, కొత్త ట్యాంకర్ మూతకు అటొకటి ఇటొకటి కమాన్లలా నిలబెట్టాడు. మూతకంటే జానెడు ఎత్తు. బండి తిరగబడితే ముందు నేలకు తగిలేవి అవే. అన్నం తినే గంటలో చేశాడు.

ఓనరు వెంకటరామారావు గారు చూసి మొహం చిట్లించారు.

“బండి కొనే పార్టీ అడిగిందా ఇది?”

“అడగలే సార్. బోల్తా కొడితే మూత పగలకుండ పెట్టిన.”

“బండి మొత్తం బరువుకు లెక్కుంది, ఆ ఇనుము బరువు మేరకు ఆయిల్ తగ్గుద్దయ్యా. రేపే డెలివరీ. కోసెయ్.”

“నాలుగు బిందెల బరువు సార్ గది. మా ఆడోళ్లు గంతకంటే ఎక్కువనే మోసిండ్రు. నేను కొయ్య.”

“అయితే ఇక రాకు.”

చందూలాల్ టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. షెడ్డులో పదకొండు మందిమి ఉన్నాం. ఎవరి పని వాళ్లం మళ్లీ అందుకున్నాం.

ఓనరు నా వైపు తిరిగారు. “వీరన్నా, నువ్వెక్కు.”

ఎక్కాను. ఆయన్ను తిట్టుకుంటూ, ఆ పార్టీని తిట్టుకుంటూ ఎక్కాను. ఆ అతుకులు ఎంత గట్టివంటే గ్యాస్ కట్టర్‌తో గంట పట్టింది. రెండు కమాన్లూ కోసేశాను. సిగ్గు లేదా అంటే, ఉంది. మర్నాడు పొద్దున ఆ ట్యాంకర్ ఉత్త మూతతో ఏన్కూరు మీదుగా భద్రాచలం బయల్దేరింది. గేటు తీసింది కూడా నేనే.