అరుగు మీద తమ్ముడి మోకాలు

మల్కాపురంలో మేమున్న ఇంటికి వీధివైపు పొడుగాటి సిమెంటు అరుగు ఉండేది. షిఫ్టు దిగిన మగవాళ్ళు ముఖాలు కడుక్కుని, లుంగీలు కట్టుకుని సాయంత్రానికి అక్కడ చేరేవాళ్ళు. డెబ్బైల చివర రెండు మూడేళ్ళపాటు వాళ్ళు మాట్లాడుకున్నదంతా మా తమ్ముడి గురించే. వాడు ఏ జట్టుకు సంతకం పెట్టాలి, వాడి కుడి మోకాలు ఎలా ఉంది, ఏ దేశంలో యుద్ధమొస్తే వాడి ఉద్యోగం ఏమవుతుంది, అన్నీ వాళ్ళే తేల్చేవాళ్ళు. తమ్ముడు మాత్రం ఆ మాటలు వింటూ వేరుశెనక్కాయలు ఒలుచుకునేవాడు. నీకేం కావాలిరా అని ఒక్కరూ అడగరు. వాడూ చెప్పడు. వాళ్ళ మీదా, వాడి మీదా నాకు ఒళ్ళు మండేది.

భగవంతుడు నాకు ఏ లోటూ చెయ్యలేదు. నేను బడి మెట్టు ఎక్కకపోయినా మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి చదవడం, రాయడం నేర్పారు. మంచి మనిషితో పెళ్ళి చేశారు. పొద్దున్నే దీపం పెట్టుకునేటప్పుడు ఇవన్నీ తలుచుకుంటాను. ఆ అరుగు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ విసుగే.

తమ్ముడు ఆనందపురం అవతల మా ఊరి పొలాల్లో ఆడి ఆడి, ఎడమ పక్కన పరుగెత్తే ఆటగాడిగా పేరు తెచ్చుకున్నాడు. అప్పట్లో మా వైపు ఆఫీసులకూ కంపెనీలకూ సొంత ఫుట్‌బాల్ జట్లుండేవి. మంచి ఆటగాడు కనిపిస్తే సీజను మొదట్లో క్యాజువల్‌గా పనిలో పెట్టుకునేవాళ్ళు. పొద్దున షెడ్డులో హాజరు వేసి, సాయంత్రం గ్రౌండులో ఆడాలి. సీజను అయిపోతే పనీ అయిపోయినట్టే. బాగా ఆడితే పర్మినెంటు చేస్తామనేవాళ్ళు. మా వాడికి ఆ మాట మూడు సీజన్లు చెప్పారు.

అరుగు మీద పెద్దలు ముగ్గురు. ఒకరు మా ఆయన. రెండోవాడు హార్బరులో వించి డ్రైవరు, ఓడల్లోంచి సరుకు దింపే మనిషి. మూడోవాడు ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర పనిచేసే కంపౌండరు. పేపరు చదివే పని నాది. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ చదివేదాన్ని.

"వదినా, ఆటల పేజీ ముందు సదువు. ఆ తరవాత లోకం సంగతి," అనేవాడు వించి డ్రైవరు.

నేను రెండూ చదివేదాన్ని. ఒకరోజు చమురు దేశాల తగువు గురించి చదివితే అతను తొడ మీద కొట్టుకున్నాడు.

"సూసావేటి అన్నా! అక్కడ తగువు పడితే ఇక్కడికి ఓడలు రావు. ఓడలు రాకపోతే నాకు వించి లేదు. మన గుంటడికి పర్మినెంటూ లేదు."

"ఓడలు రాకపోతే ఫుట్‌బాలు ఆపేత్తారేటి?" అన్నారు మా ఆయన. "ఆపీసరుగారికి కప్పు కావాల. కప్పు కావాలంటే మా బామ్మర్ది కావాల. ఏ దేశం కాలిపోనీ, మా వోడికి డోకా లేదు."

"నాను మొన్నట్నుంచీ మొత్తుకుంతన్నాను," అన్నాడు కంపౌండరు. "కలకత్తావోడికి సంతకం పెట్టీమను. ఆ క్లబ్బులో ఆడితే ఇండియా మొత్తం సూత్తాది."

కలకత్తా నుంచి ఒకాయన నిజంగానే వచ్చాడు. ఒక మ్యాచి చూసి, మా ఇంట్లో చేపల పులుసు తిని, సీజనుకింత ఇస్తామని, గది కూడా ఇస్తామని చెప్పి వెళ్ళాడు. ఉద్యోగం సంగతి అడిగితే నవ్వాడు.

"కలకత్తాలో ఆడికి అన్నం ఎవుడొండి పెడతాడ్రా?" అన్నాడు వించి డ్రైవరు.

"రసగుల్లాలు తింటాడు," అన్నాడు కంపౌండరు.

"రసగుల్లాలు తిని పరిగెడితే మనోడూ బంతీ ఒకేలాగ దొర్లుతారు!"

అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. నేను చేట కింద పెట్టి, "ముందు ఆడి మోకాలు సూడండి, పొద్దున్న లేచి కుంటుతన్నాడు," అన్నాను.

"కంపౌండరు లేడేటి వదినా? అదంతా ఆయన సూసుకుంటాడు," అన్నాడు వించి డ్రైవరు.

కంపౌండరు చూసుకోవడమంటే ఏదో ఆయింట్‌మెంటు రాసి, గట్టిగా గుడ్డ చుట్టి, భుజం తట్టి గ్రౌండుకు పంపడం.

ఆ ఏడు ఫైనల్లో, సగం ఆటకు ముందే అవతలి వాడొకడు మా వాడి మోకాలి మీద బూటుతో తన్నాడు. విశ్రాంతి సమయంలో వీళ్ళు ముగ్గురూ గ్రౌండు గట్టున నిలబడి, సింహాచలం కొండ వైపు తిరిగి చేతులెత్తి మొక్కారట. "అప్పన్న తండ్రీ, కప్పు మనకొత్తే మా వోడి సేత నీ మెట్ల పూజ సేయిత్తాం." మొక్కిన సంగతి ఆటగాడికి చెప్పలేదు. చెబితే ఊపు తగ్గుతుందని కంపౌండరు అన్నాడట. ఆ కాలితోనే మా వాడు గోలు కొట్టాడు. కప్పు వచ్చింది. భుజాల మీద మోసుకొచ్చి అరుగు మీద దింపారు. పట్టీ విప్పి చూస్తే మోకాలు గిన్నె బోర్లించినట్టు ఉంది. ముట్టుకుంటే మంట.

మెట్ల పూజ ఎలాంటిదో నాకు తెలుసు. మా ఆయన కామెర్ల నుంచి గట్టెక్కిన ఏడు నేను చేశాను. కొండ కింద తొలి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ పైదాకా వెళ్ళాలి. మెట్లు వెయ్యికి తక్కువుండవు. మంచి కాళ్ళున్న నాకే వారం రోజులు నడుం నిలబడలేదు.

కప్పు వచ్చిన వారానికి ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఈసారి పర్మినెంటు ఖాయం. రెండు షరతులు. అయిదేళ్ళు వేరే జట్టుకు ఆడనని రాసివ్వాలి. డాక్టరు పరీక్షలో నెగ్గాలి.

ఇక అరుగు మీద జాతరే. అయిదేళ్ళ మాట మీద రెండు సాయంత్రాలు గడిచాయి. మూడేళ్ళకు దింపించాలని ఒకరు, పదేళ్ళన్నా పెట్టేయమని ఒకరు. నేను ఆ రెండు రోజులూ తమ్ముణ్ణి ఊళ్ళో ఎముకల డాక్టరు దగ్గరికి తిప్పాను. లోపల ఏదో చిరిగిందన్నాడాయన. వంగకూడదు, మెట్లెక్కకూడదు, ఆపరేషను చెయ్యాలి, ఈ కాలితోనే ఆడితే ముప్పై ఏళ్ళు రాకుండా కర్ర పట్టుకోవాలి అని చెప్పాడు.

ఆ మాట అరుగు మీద చెప్పాను.

"డాకటర్లు అలగే అంతారు వదినా," అన్నాడు కంపౌండరు. "పరీచ్చ రోజు పొద్దున్నే నాను ఇంజీషను పొడుస్తాను. వాపు దిగిపోద్ది. నొప్పి తెలీదు. ఆళ్ళకి ఏటి కనపడతాది?"

"దానికి ముందు మొక్కు తీర్చీయాల," అన్నాడు వించి డ్రైవరు. "మొక్కు ఉంచుకుని పరీచ్చకెల్తే అప్పన్న ఊరుకుంటాడా? శనివారం ఎల్లిపోదాం. మెట్ల పూజ అయిపోతే పర్మినెంటు మన సేతిలో ఉన్నట్టే."

"ఆ కాలితో మెట్ల పూజా? బుర్రుందేటి మీకు?"

"నువ్వే ఇలగంటే ఎలాగ వదినా? రోజూ దీపం ఎట్టీదానివి!"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా దీపం నా దేవుడికి పెట్టుకుంటున్నాను. వీళ్ళ బుద్ధి తక్కువకు అది సాక్ష్యమా?

"మొక్కింది మీరు. తీర్చాల్సింది మీరు," అన్నాను.

"మా కోసం మొక్కామేటి? ఆడి కోసం కదా!"

"కప్పు ఆఫీసుకొచ్చింది. ఊరేగింపు మీకొచ్చింది. ఆడికొచ్చింది మోకాల్లో నీరు."

మా ఆయన వీధి వైపు చూస్తూ కూర్చున్నారు. అప్పుడు తమ్ముడు నోరు విప్పాడు. మా వైపు అక్కను అప్పా అంటారు. "ఎక్కీత్తాను అప్పా. ఒగ్గీ, గొడవెందుకు." అందరికంటే ఎక్కువ కోపం నాకు వాడి మీదే వచ్చింది.

శనివారం గోపాలపట్నం దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. కొండ కింద స్నానాలు చేసి తొలి మెట్టు దగ్గర నిలబడ్డాం. కొబ్బరికాయ కొట్టారు. తమ్ముడు పసుపు గిన్నె పట్టుకుని వంగబోయాడు. మోకాలు మడతపడలేదు. కాలు పక్కకు చాచి, ఒక చేత్తో రాయి పట్టుకుని ఎలాగో వంగి ఆ మెట్టుకు పసుపు రాశాడు. లేవలేకపోయాడు. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది, అంతే. అక్కడే చతికిలబడ్డాడు. ముఖమంతా చెమట.

నేను వాడి చేతిలో గిన్నె తీసి వించి డ్రైవరు చేతిలో పెట్టాను. అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశారు. నేను కొండ వైపు చూశాను. చివరికి మా ఆయనే పంచె ఎగ్గట్టి, "ఇలగియ్యి," అని కుంకుమ పొట్లం అందుకున్నారు.

ముగ్గురూ మొదలుపెట్టారు. ఒకరు పసుపు, ఒకరు బొట్టు, కంపౌండరు వెనక కర్పూరం. పది మెట్లకే వగర్పు. పక్కనుంచి ఎక్కుతున్న ఆడవాళ్ళు ఆగి మరీ చూశారు. "ఏటి బాబూ, మీ ఆడోళ్ళు ఎక్కడికెల్లిపోనారు?" అని ఒకావిడ అడిగింది. "కింద కూకున్నారమ్మా, రాణీల్లాగ!" అని వించి డ్రైవరు అరిచాడు. నాకు నవ్వు రాలేదు.

తమ్ముడూ నేనూ కిందనే ఉండిపోయాం. వాడు కాలు చాపుకుని మోకాలు నిమురుకుంటున్నాడు.

"నాకు కలకత్తా వద్దప్పా," అన్నాడు ఉన్నట్టుండి. "నాకు పర్మినెంటు కావాల. షెడ్డులో పనైనా సరే. కానీ ఇంజీషను పొడిపించుకుని ఎలితే, మర్నాడే గ్రౌండులోకి దింపుతారు. ఇంకో సీజను ఆడితే ఈ కాలు పోద్ది. అప్పుడు ఈళ్ళు ఇంకోణ్ణి సూసుకుంటారు. నా సంగతేటి?"

"ఇన్నాళ్ళూ ఈ ముక్క అరుగు మీద సెప్పొచ్చు కదరా?"

"అందరూ అంత ఇదిగా మాటాడతంటే ఎలా సెప్పమంటావు?"

"ఇప్పుడేటి సేత్తావు?"

"డాకటరుకి నిజం సెప్పీత్తాను. ఆళ్ళు ఉంచితే ఉంచుతారు."

నేను సరేనని గానీ వద్దని గానీ అనలేదు. వాడి ఉద్యోగం. వాడి కాలు. మనసులో మాత్రం అప్పన్నకు దండం పెట్టుకున్నాను, వాడి నోరు పెగిలినందుకు.

పరీక్ష రోజు కంపౌండరు సిరంజి మరిగించుకుని అరుగు మీద కూర్చుంటే, తమ్ముడు పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చాడు. డాక్టరు మంచివాడేనట. మోకాలు నొక్కి చూసి, ఆపరేషను చేయించుకుని నయమయ్యాక రమ్మన్నాడట. ఆ కాగితం తీసుకుని ఆఫీసుకు వెళితే, ఆటలో లేనివాడికి అక్కడ చోటు లేదన్నారు. పర్మినెంటు లేదు, వచ్చే సీజనుకు క్యాజువలూ లేదు. కలకత్తాయన మళ్ళీ మా ఊరు రాలేదు.

అరుగు మీద ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మొక్కు సేతులు మారింది వదినా, ఏటి సేత్తాం," అని వించి డ్రైవరు జాలిగా అన్నాడు. వెయ్యి మెట్లకూ పసుపు రాసి వచ్చిన మనిషికి, తన మొక్కు తన చేత్తో తీర్చుకున్నాననే సంగతి ఎక్కనేలేదు. మా ఆయన నాలుగు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. ఒక్క మనిషి ఉద్యోగం ఒక ఆట మీద, ఆ ఆట ఒక మోకాలి మీద ఎందుకు ఆధారపడాలని నేనడిగితే, ఆటంటే నాకు తెలియదన్నారు.

తమ్ముడి ఆపరేషను పెద్దాసుపత్రిలో అయింది. ఎక్కడి పుణ్యమో, కాలు నిలిచింది. కొద్దిగా ఈడుస్తాడు, అంతే. స్టీలు ప్లాంటు పనులు మొదలయ్యాక ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు వేసే పనిలో చేరాడు. ఈ రోజుకీ దానికి నేను దండం పెట్టుకుంటాను.

కానీ అంతకు చాలా ముందే మా అరుగు ఖాళీ అయిపోయింది. వాడి కట్టు ఇంకా విప్పకముందే, రెండు వీధుల అవతల ఒక చేపలవాళ్ళ కుర్రాడు ఎడమ కాలితో బ్రహ్మాండంగా ఆడుతున్నాడని పేరొచ్చింది. జనమంతా అటు తరలిపోయారు. మా ఆయన కూడా. ఒక సాయంత్రం తమ్ముడూ కనిపించలేదు. అన్నానికి పిలుద్దామని ఆ కుర్రాడి వీధికి వెళ్ళాను. కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, అందరి మధ్యా కూర్చున్నాడు. వాడి గొంతే వీధి మొగకు వినిపించింది.

"అయిదేళ్ళ బాండంటే బెదురేటి? పెట్టీమనండి సంతకం. సీలమండ నొప్పి ఎవుడికి ఉండదు? ఆడతా ఉంటే అదే పోద్ది!"

"అదీ మాట!" అన్నాడు కంపౌండరు.

"ఒరేయ్, అన్నం సల్లారిపోతంది," అన్నాను.

"ఉండప్పా. ఈడి సంగతి తేలనీ."

ఏం తేలుస్తావురా అని నోటిదాకా వచ్చింది. అంతమందిలో అనలేక తిరిగొచ్చేశాను. అన్నం మీద మూత పెట్టి, దేవుడి దగ్గర కూర్చున్నాను. ఆ కుర్రాడు ఎవరి బిడ్డో నాకు తెలియదు, పేరైనా తెలియదు. చీలమండ నొప్పి ఉన్న పిల్లవాడని చెప్పుకుని, వాడి తల్లికైనా నోరివ్వమని అడిగాను. అంత కోపంగా నేను దండం పెట్టిన రోజు ఇంకొకటి లేదు.